చింతపండుకు కరిగిన రాయి

ఖనిజాల ప్రాక్టికల్ సగంలో ఉండగా నవనీత ఫోన్ వరసగా మూడుసార్లు వణికింది. మూడోసారి తీసి చూస్తే అవ్వ. పనిలో ఉన్న వేళ తల్లి కోమల ఎప్పుడూ ఫోన్ చేయదు. చేతిలోని రాయిని ట్రేలో పడేసి నవనీత వరండాలోకి పరిగెత్తింది.

"జర జల్ది మంకమ్మతోటకు రా బిడ్డా," అంది కోమల. గొంతులో ఏడుపు లేదు. అదే నవనీతను భయపెట్టింది. "నన్ను దొంగ అంటున్నరు."

పావుగంటలో ఆటో మంకమ్మతోటలోని రామేశ్వర్‌రావు ఇంటి ముందు ఆగింది. లక్సెట్టిపేట దిక్కు భూములు, కరీంనగర్‌లో జిన్నింగ్ మిల్లు ఉన్న ఇల్లు అది. కోమల ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా పని చేస్తోంది. భర్త షార్జాలో లారీ నడుపుతాడు. కూతురు డిగ్రీ ఆఖరి ఏడాది, జియాలజీ. ఈ ముగ్గురి బతుకులో ఇప్పటిదాకా పోలీసు అన్న మాట వినపడలేదు.

హాల్లో పదిమందికి పైగా చుట్టాలు కూర్చుని ఉన్నారు. శ్రావణ సోమవారం, ఏటేటా సాయంత్రం జరిగే అభిషేకం కోసం వచ్చినవాళ్ళు. కోమల మాత్రం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అందరి మధ్య టీపాయ్ మీద వెండి పానవట్టం, దాని మూడు కొక్కాల నడుమ కోడిగుడ్డంత లింగం.

రామేశ్వర్‌రావు తాత కాశీ నుంచి తెచ్చిన స్ఫటిక లింగం అది. కింద పరిచిన పట్టుగుడ్డ రంగు పైనుంచి కనపడేంత తేటగా ఉండేదట. ఈ ఉదయం ఇంటావిడ సరళాదేవి పూలు తీసి చూస్తే, గంజి ఆరిన గ్లాసులా మసకబారి ఉంది. పూజకు వచ్చిన అయ్యగారు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఇది మీ లింగం కాదమ్మా అన్నాడు. సోమవారం సోమవారం దాన్ని కడిగేది కోమల ఒక్కతే. పూజగది తాళంచెవి ఉండేదీ ఆమె కొంగుకే. ఇంక వేరే లెక్క ఎవరికీ తోచలేదు.

సరళాదేవి అప్పటికే స్టేషన్‌కు ఫోన్ చేయమని భర్తను తొందర పెడుతోంది. రామేశ్వర్‌రావు మాత్రం గోడ గడియారం చూసి, మధ్యాహ్నం రెండింటి దాకా ఆగుతానన్నాడు. ఎక్కడ పెట్టిందో కోమల చెబితే ఇంట్లోనే మాట్లాడుకుని వదిలేస్తాడట. చెప్పకపోతే రెండు దాటిన మరు నిమిషం పోలీసులకు అప్పగిస్తాడట.

అప్పుడు పదిన్నర. నవనీత తల్లి వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని తెలుసు. నేరుగా టీపాయ్ దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది.

"అవ్వా, నీ గాజుకున్న పిన్నీసు ఇటియ్యి."

లింగాన్ని పానవట్టంలోంచి ఊడదీసి పిన్నీసు మొన దాని అడుగుకు ఆనించబోతుంటే సరళాదేవి కుర్చీలోంచి లేచింది. శివలింగాన్ని సూదితో గీకుతావా అని కేకేసింది.

"గిది నకిలీది అని మీరే అంటిరి గదమ్మా," అంది నవనీత నెమ్మదిగా. "నకిలీదానికి గీత పడితే ఏం పాయె? అసలుదైతే ఈ పిన్నీసుకు గీతే పడది."

రామేశ్వర్‌రావు కానీయమన్నట్టు చేయి ఊపాడు. నవనీత అడుగున, ఎవరికీ కనపడనిచోట, ఒక్కసారి గీసింది. మొన సబ్బులోకి దిగినట్టు దిగింది. తెల్లటి గీత పడి సన్నటి పొడి రాలింది. ఉక్కుకు లొంగే రాయి స్ఫటికం కాదు.

తరవాత పేపరు అడిగింది. మసక పోవడానికి లింగానికి కొబ్బరినూనె రాసి అక్షరాల మీద పెట్టి తిప్పింది. తిప్పుతుంటే ఒకచోట కింది అక్షరం పక్కకు జరిగి రెండయింది. ఆఖరుకు అభిషేకానికి తెచ్చిన నిమ్మకాయ కోసి అడుగున ఒక చుక్క పిండింది. చుట్టాలంతా ముందుకు వంగారు. చుక్కలో సన్నటి బుడగలు ఒకటొకటిగా లేచాయి, అన్నం ఉడుకు పట్టేముందు గిన్నె అడుగున లేచినట్టు.

"కాల్సైట్," అంది నవనీత. "సున్నపురాయి జాతిది. బోథ్ ఊరి పక్క ఒక చేన్ల బావి తవ్వుతుంటే నల్లరాయి తొర్రలల్ల గిసొంటియే దొరికినయి, మా కాలేజోళ్ళం పోయి తెచ్చుకున్నం. చూపుకు స్ఫటికమే అనిపిస్తది."

అంటే దొంగతనం నిజమేనని తేలిందిగా అంది సరళాదేవి. మాట పూర్తి కాకముందే నవనీత తల్లి వైపు తిరిగింది.

"అవ్వా, లింగాన్ని దేంతోని కడుగుతవ్?"

"దేంతోని ఏంది, చింతపండుతోని." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది కోమల. "సారోళ్ళ అమ్మ, పెద్దమ్మగారు ఉన్నప్పటి సంది గంతే. దీపాలు, గంట, లింగం అన్నీ ఒక్క పళ్ళెంల పెట్టి చింతపండుతోని తోముడు, ఇబూదితోని తుడుసుడు. మొన్నటి సంది జర మసకొస్తుందని ఇంకింత గట్టిగ రుద్దిన."

"మసక ఎన్ని వారాల సంది?"

కోమల వేళ్ళు మడిచింది. "రెండు. మూడోది గీ వారం."

నవనీత లేచి నిలబడి రామేశ్వర్‌రావుకే చెప్పింది. స్ఫటికాన్ని పన్నెండేళ్ళు కాదు, నూరేళ్ళు చింతపండులో నానబెట్టినా మెరుపు పోదు. కాల్సైట్‌ను మాత్రం పులుపు తింటుంది. మూడు తోముళ్ళకే పై నునుపు కరిగి మసకబారుతుంది. కాబట్టి రాయి మారి మూడు వారాలు దాటలేదు. మార్చింది తన తల్లే అయితే, పట్టుబడేలా దాన్నే పట్టుకుని వారం వారం పులుపుతో ఎందుకు తోముతుంది? దాచుకోవాలనుకున్న మోసాన్ని ఎవరూ తమ చేత్తో బయటపెట్టుకోరు.

రామేశ్వర్‌రావు మొహంలో రంగు మారింది.

"మూడు వారాల కింద ఈ ఇంట్లకెల్లి లింగం బయటికి పోయిందా సార్?" అని అడిగింది నవనీత.

పోయింది. తీసుకుపోయింది ఆయనే. పానవట్టం అంచున వెండితీగ ఆకు ఒకటి ఊడితే, వేములవాడ దర్శనానికి వెళుతూ గుడి వీధిలోని కైలాసం దుకాణంలో లింగంతో సహా ఇచ్చాడు. పూజసామాన్లు, రాతి విగ్రహాలు అమ్ముతూ వెండి పని కూడా చేసే మనిషి. దర్శనం చేసుకుని రెండు గంటల్లో వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు తళతళలాడుతూనే ఉంది. అందుకే ఆ సంగతి ఇంతవరకు ఆయనకు గుర్తుకే రాలేదు.

కారు తీయమని డ్రైవర్‌కు చెప్పాడు. నకిలీని టీపాయ్ మీదే ఉంచి, ఖాళీ పానవట్టాన్ని సంచిలో పెట్టుకున్నాడు. కోమల కూడా రావాలని నవనీత పట్టుబట్టింది. తల్లీకూతుళ్ళు చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చేసరికి రామేశ్వర్‌రావు ఫోన్ పెట్టేస్తున్నాడు.

"కైలాసంకు చెప్పిన, లింగం సంగతి మాట్లాడాలె, దుకాణంలనే ఉండుమని."

మర్యాదకు చేసిన ఫోన్ అది. కైలాసానికి మాత్రం గంట సమయం దొరికింది.

వేములవాడ రోడ్డు కిటకిటలాడుతోంది. ట్రాక్టర్లు, ఆటోలు, గుళ్ళో కోడెను కట్టే మొక్కుకు పోయే కుటుంబాలు. కారు నత్తలా పాకుతుంటే నవనీత గడియారం చూడకుండా ఉండలేకపోయింది. రామేశ్వర్‌రావు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, రాయికీ రాయికీ తేడా అంత కచ్చితంగా ఎట్లా చెబుతావని అడిగాడు.

ఆమె చెప్పింది. ఖనిజమంటే భూమిలో తనంతట తాను పుట్టింది. దేనితో తయారైందో దానికో లెక్కుంటుంది, లోపలి అణువులు వరసలో పేర్చినట్టుంటాయి. ఆ వరసను బట్టే దాని గుణాలు. ఎంత గట్టిది, ఎట్లా పగులుతుంది, ఎట్లా మెరుస్తుంది, ఎంత బరువు, వెలుగును ఏం చేస్తుంది. రంగును మాత్రం నమ్మకూడదు, తెల్లగా తేటగా కనపడే రాళ్ళు డజన్లకొద్దీ ఉంటాయి. గాజుకైతే ఆ వరస లేదు, కరిగించి గబుక్కున చల్లార్చిన ముద్ద అది. అందుకే గాజు ఖనిజమే కాదు.

"రాయి అబద్ధం చెప్పదు సార్. అడిగే తీరు తెల్వాలె."

రామేశ్వర్‌రావు ముందుకు తిరిగాడు. కాసేపటికి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, మనుషులనైతే సరిగా అడగనే లేదు అన్నాడు.

గుడి వీధికి చేరేసరికి పన్నెండూ పది. కారు ముందుకు పోలేదు. కోడెల వరస దాటుకుని, కొబ్బరికాయల గుట్టల పక్కనుంచి ముగ్గురూ నడిచారు. రేకుల కప్పు కింద కైలాసం దుకాణం. మెడలో రుద్రాక్షలు, నుదుట విభూతి, మొహం నిండా నవ్వు. ఎదురొచ్చి రామేశ్వర్‌రావుకు కుర్చీ వేశాడు.

సంగతి విని చెంపలు వేసుకున్నాడు. రావుసాబ్ తాతగారి లింగాన్ని ముట్టి మోసం చేస్తే చేతులు పడిపోతాయన్నాడు. తానిచ్చింది ఆయన తెచ్చిన లింగమేనని, ఆ తరవాత ఇంట్లో ఏం జరిగిందో తనకేం తెలుసని అన్నాడు. ఆ మాట అంటూ కోమల పాత చీరను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇంటి దొంగను ఇంట్ల దేవులాడాలె గని, గుడికాడికి తీస్కొస్తరా రావుసాబ్? గీ పోరి నాలుగు ముక్కలు సదువుకొని మీకు కథ చెప్తుంది. కాదంటరా, గీ అద్దాల పెట్టె తీస్తున్న, సూస్కోండి. మీదే ఉంటే ఫిరీగ కొంటవోండి."

అద్దాల పెట్టెలో చిన్నా పెద్దా కలిపి ముప్పైకి పైగా లింగాలు. కైలాసం అంత ధైర్యంగా తెరిచాడంటే అందులో ఉండదని నవనీతకు తెలుసు. అయినా వదలలేదు. కింద పేపరు పరిచి ఒక్కొక్కటీ అక్షరాల మీద పెట్టింది. అక్షరం రెండయినవన్నీ కాల్సైట్, ఎడమకు నెట్టింది. వాటిలో కొన్ని అచ్చం ఇంట్లో ఉన్న నకిలీ కొలతే. రామేశ్వర్‌రావు అది చూసి కనుబొమలు ముడిచాడు. కైలాసం మాత్రం, అందరికీ నచ్చే కొలత అదే సార్ అని నవ్వాడు. మిగిలినవి ఎండకు పట్టింది. లోపల గుండ్రటి గాలిబుడగలున్నవి గాజు, కుడికి నెట్టింది. చివరికి నాలుగు మిగిలాయి. నాలుగింటినీ బుగ్గకు ఆనించుకుంది. స్ఫటికమైతే చల్లగా తగలాలి, వేడిని తొందరగా లాగేస్తుంది. నాలుగూ గోరువెచ్చగా ఉన్నాయి.

లేదు. పెట్టెలో స్ఫటికం లేదు.

ఒంటిగంటకు అయిదు నిమిషాలు. రామేశ్వర్‌రావు కుర్చీలోంచి లేచాడు. కైలాసం దండం పెట్టి, మళ్ళొచ్చేటప్పుడు ప్రసాదం పట్టుకుపోండి అంటున్నాడు. నవనీత ఆ రాళ్ళ మధ్య మోకాళ్ళ మీద అట్లాగే ఉండిపోయింది. బుర్ర పని చేయడం లేదు. రెండింటికి అవ్వ స్టేషన్‌లో ఉంటుంది.

అప్పుడు కోమల మాట్లాడింది. దుకాణంలోకి వచ్చాక నోరు విప్పడం అదే మొదలు.

"కైలాసమయ్యా, పొద్దటి పూజ ఎప్పుడు చేసినవ్?"

ఆమె చూపు దుకాణం మూలన గోడగూటి మీద ఉంది. గూట్లో చిన్న దీపం, ఇత్తడి పానవట్టం, అందులో విభూతి దట్టంగా పూసిన లింగం. కైలాసం ఏడింటికని విసుగ్గా చెప్పాడు.

"పూలు ఏడింటివే. వాడిపోయినయ్. గంధం పచ్చిగున్నదేంది?" కోమల రెండడుగులు ముందుకు వేసింది. "పన్నెండేండ్ల సంది గదే పని నాది. గీ ఎండకు గంధం రెండు గంటలల్ల ఎండాలె. గిది సార్ ఫోన్ చేసినంక పెట్టిన గంధం. పానవట్టం పెద్దగైంది, లింగం చిన్నగైంది. నడుమ సందు గంధంతోని నింపినవ్."

నవనీత లేచి నిలబడింది. కైలాసం నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. గొంతు పెంచాడు. అది తమ తాతల నాటి ఇలవేల్పు అన్నాడు. పరాయి చేయి తగిలితే దోషమని, ఎవరైనా ముట్టుకుంటే వీధి మొత్తాన్ని పిలుస్తానని అన్నాడు. రామేశ్వర్‌రావు గూటి వైపు చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. ఒకరు పూజించే లింగాన్ని ఇంకొకరు ముట్టరు. ఆ భక్తి మీదే కైలాసం తన దొంగసొత్తును అందరి కళ్ళ ముందు కూర్చోబెట్టాడు.

నవనీత తొందరపడలేదు. మామూలు సంగతి అడిగినట్టు అడిగింది.

"మంచిదే. మేం ముట్టం. గది ఏ రాయి?"

కైలాసం తడబడ్డాడు. స్ఫటికమంటే ఎక్కడిదని అడుగుతారు. "బీదోన్ని. నాకు స్ఫటికం ఏడికెల్లొస్తది? గాజుదే," అన్నాడు.

"అట్లయితే మీరే తీయుండ్రి. మీ చేతితోనే." నవనీత తల్లి వైపు చేయి చాపింది. కోమల ఒక్క క్షణం ఆగింది. మొగుడు దేశంలో లేనప్పుడు, శ్రావణమాసంలో, చేతి గాజు తీయడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. తరవాత పెదవి కొరుకుతూ ఆకుపచ్చ గాజు ఒకటి జార్చి కూతురికి ఇచ్చింది. నవనీత దాన్ని రామేశ్వర్‌రావు చేతికిచ్చింది. "లింగం అడుగు అంచుతోని గీ గాజు మీద గీయమనుండ్రి సార్. గాజుతోని గాజును గీస్తే జారిపోతది. స్ఫటికమైతే గాజును కోస్తది. లింగానికి మాత్రం ఏం కాదు, దేవునికి దోషం ఉండది."

బయట దుకాణం ముందు నలుగురు ఆగి చూస్తున్నారు. కైలాసం కాదనలేకపోయాడు. లింగాన్ని గంధంలోంచి ఊడదీసి, అంచును గాజుకు తగిలీ తగలనట్టు ఆనించి లాగాడు. ఏమీ పడలేదు. సూసిన్రా అన్నట్టు చేతులు చాపాడు.

"గట్ల కాదు," అన్నాడు రామేశ్వర్‌రావు. గాజును బల్ల మీద పెట్టి, తన అరచేతిని కైలాసం చేతి మీద వేసి బలంగా నొక్కి లాగాడు.

కిర్రుమంది. పచ్చటి గాజు మీద తెల్లటి గీత.

కైలాసం వెంటనే అందుకున్నాడు. లింగమే అరిగి పొడి అంటిందని, గాజుకు ఏమీ కాలేదని గట్టిగా వాదించాడు. నవనీత బొటనవేలు నాలుకకు తడి చేసుకుని గాజును రుద్దింది. పొడి అయితే చెరిగిపోవాలి. గీత చెరగలేదు. రామేశ్వర్‌రావు వేలు పట్టుకుని ఆ గీత మీద గోరు నడిపించింది. గోరు లోపలికి దిగి ఆగింది. లింగం అంచును తల్లి కొంగుతో తుడిచి చూస్తే దాని మీద మచ్చ కూడా లేదు. తుడిచిన చోట విభూతి పోయి, లోపలి నుంచి గూట్లో దీపం ఒక్కటే ఒక్కటిగా, తేటగా మెరిసింది.

రామేశ్వర్‌రావు సంచిలోంచి వెండి పానవట్టం తీసి లింగాన్ని దాంట్లో దించాడు. మూడు కొక్కాలూ టక్కుమని పట్టుకున్నాయి. ఆయన కళ్ళు చెమర్చాయి.

కైలాసం కూలబడ్డాడు. పట్నం నుంచి ఎవరో పాత స్ఫటికాలు కొంటామంటే ఆశపడ్డాడట, రాయిని వచ్చే వారం ఇచ్చేవాడట. కాల్సైట్ రాయి చవకగా దొరికితే అందరి ఇళ్ళల్లో ఉండే ఆ కొలతకే ముందే కొన్ని చెక్కించి పెట్టుకున్నాడట, జన్మలో ఎవరూ పోల్చుకోలేరనుకున్నాడట. స్ఫటిక లింగాన్ని చింతపండుతో తోమే ఇల్లు ఒకటి ఉంటుందని మాత్రం అతను ఊహించలేదు. బయట నిలబడ్డవాళ్ళు ఇప్పుడు ఇరవైమంది అయ్యారు. రామేశ్వర్‌రావు జేబులోంచి ఫోన్ తీసి పోలీసు నంబరు వెతుకుతుంటే కోమల అడ్డం వచ్చింది.

"గది తర్వాత సార్. ముందుగాల ఇంటికి చెయ్యిండ్రి."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నన్ను దొంగ అన్నది హాల్ల, అందరి ముందట. అందరు ఇంకా ఆడనే కూసున్నరు. ఆళ్ళు అన్నాలు తిని లేవకముందే ఇనాలె. రేపు చెప్తే సగంమందికి చేరదు."

రామేశ్వర్‌రావు తలదించుకుని సరళాదేవికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాడు, గొంతు అందరికీ వినపడేలా చూడమన్నాడు. లింగం దొరికిందని చెప్పాడు. ఎక్కడ దొరికిందో, దాన్ని అక్కడికి స్వయంగా మోసుకుపోయి ఇచ్చింది ఎవరో చెప్పాడు. కోమల మీద పడ్డ మాట తప్పని, ఆ తప్పు తనదని, ఒక్కొక్క చుట్టం పేరు పెట్టి పిలిచి విన్నారా అని అడిగాడు. అవతల నుంచి ఒక్కొక్కరూ విన్నామంటూ పలికారు. నవనీత వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పదకొండుమంది.

ఆఖరుకు సరళాదేవి గొంతు వచ్చింది. ఒక్కసారి కోమలకు ఫోన్ ఇవ్వమంది. కోమల అందుకుని చెవికి పెట్టుకుంది. అటు నుంచి ఏం వినపడుతోందో నవనీతకు తెలియదు. తల్లి మొహం మాత్రం చూస్తోంది. పొద్దున గోడకు ఆనుకుని ఉన్న మొహం కాదది.

"ఏడ్వకుండ్రమ్మా," అంది కోమల చివరికి. "మీ మాట మీరన్నరు. నా మాట రాయి చెప్పింది. అభిషేకం అయిదింటికి గదా, మేం అందుకుంటం. నేను రేపు రాను. ఎల్లుండి సుత రానేమో. ఆలోచించుకొని చెప్త."

ఫోన్ రామేశ్వర్‌రావు చేతిలో పెట్టి, పోలీసులు వచ్చేదాకా కైలాసం ఎటూ పోకుండా దుకాణం గడప మీద తానే అడ్డంగా కూర్చుంది.